స్థానిక ప్రభుత్వములు – ప్రాంతీయ దారిద్ర్యము, అసమానతలు: ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సీమ

స్థానిక ప్రభుత్వములనగా గ్రామ పంచాయతీ, మండల ప్రజాపరిషత్తు, జిల్లా ప్రజాపరిషత్తు, పురపాలక సంఘము అను పేర్లతో ప్రజలకు మిక్కిలి సమీపమున నుండి, వారి త్రాగునీటిని, వీధిని, దీపమును, పారిశుద్ధ్యమును కనిపెట్టి చూచు ఎన్నికైన సంస్థలు. ఒక ప్రాంతము పేదదగుటకు మూలకారణములు సాధారణముగా ఈ సంస్థల అధికారమునకు వెలుపల నుండును. వర్షాభావమును గాని, నదీజలముల పంపకమును గాని, పరిశ్రమల స్థాపనను గాని ఒక సర్పంచి నిర్ణయింపజాలడు. ఐనను, ఆ ప్రాంతమునకు వచ్చిన నీరు, ధనము, ఉపాధి ఏ వీధి దాక చేరునో, ఏ వాడ మొగదల నిలిచిపోవునో తేల్చునది పెక్కు సందర్భములలో స్థానిక సంస్థయే. ప్రాంతముల నడుమ గల అసమానతను తగ్గించుట పై ప్రభుత్వముల పని. ప్రాంతము లోపలి అసమానతను తగ్గించుట స్థానిక ప్రభుత్వముల పని. ఈ రెండు పనులును ఒకదానికొకటి ఎట్లు ముడివడియున్నవో పరిశీలించుటకు కడప జిల్లా పశ్చిమ భాగమందలి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సీమ తగిన క్షేత్రము.

నైసర్గిక స్వరూపము

పూర్వము మూడు తాలూకాలుగా నుండిన ఈ సీమ పెన్నానదికిని దాని ఉపనదులైన కుందూ, చిత్రావతి, పాపఘ్నులకును పరీవాహక భూమి. జిల్లాలో సగటు వార్షిక వర్షపాతము సుమారు 700 మిల్లీమీటర్లు కాగా, పశ్చిమమునకు పోయిన కొలది అది ఇంకను తగ్గును. జమ్మలమడుగు చుట్టును నల్లరేగడి భూములు విస్తరించి, శనగ, పత్తి, ప్రొద్దుతిరుగుడు పైరులకు ఆటపట్టులైనవి. ప్రొద్దుటూరు ప్రాంతమున కాలువ క్రింద వరి పండును. పులివెందుల వైపున వేరుసెనగ మెట్టపొలములును, గొట్టపుబావులపై ఆధారపడిన చీనీ, అరటి తోటలును ప్రధానములు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల మధ్య దూరము సుమారు 20 కిలోమీటర్లే అయినను, కాలువ నీరు పారు గ్రామమునకును, వానచినుకు కొరకు ఆకాశము వంక చూచు గ్రామమునకును గల జీవన వ్యత్యాసము ఆ దూరముతో కొలువదగినది కాదు.

చారిత్రక నేపథ్యము

ప్రాచీన కాలమున ఈ సీమ రేనాడు అను పేర ప్రసిద్ధము. ఎర్రగుంట్ల సమీపమందలి కలమళ్ళలో రేనాటి చోళుడగు ధనంజయుడు క్రీ.శ. 575 ప్రాంతమున వేయించిన శాసనము తెలుగు భాషలోని తొలి శాసనములలో నొకటి. నీరు చాలని దేశమగుటచే ఇక్కడి పాలకులకును ప్రజలకును చెరువు నిర్మాణము పరమ ధర్మమయ్యెను. ఇదే జిల్లాలోని 1369 నాటి పోరుమామిళ్ళ చెరువు శాసనము చెరువు నిర్మాణమునకు కావలసిన లక్షణములను శాస్త్రీయముగా వివరించుటకు కీర్తి గాంచినది. చెరువు త్రవ్వించినవారికి, దానిని ఎప్పటికప్పుడు మరమ్మతు చేయవలెనను కట్టుబాటుతో, శిస్తులో భాగమును గాని భూమిని గాని ఒసగు దశబంధ మాన్యములు కడప సీమలో విరివిగా నుండెడివి. ఆధునికార్థమున దానిని స్థానిక స్వపరిపాలన అనుటకు వీలు లేకపోయినను, జలరక్షణ భారమును గ్రామమే వహించు వ్యవస్థ ఒకటి ఇక్కడ నుండెననుటకు అది నిదర్శనము.

1800లో నిజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసిన పిమ్మట, ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాలెగాండ్ర నణచి, శిస్తు వసూలును ప్రభుత్వమునకును రైతునకును ప్రత్యక్ష సంబంధముగా మార్చెను. దీనివలన పాలెగాని పీడ తొలగెను గాని, చెరువును కాపాడు ఉమ్మడి కట్టుబాట్లు క్రమక్రమముగా సడలి, మరమ్మతు బాధ్యత దూరమున నున్న కచేరీల పాలయ్యెను. 1876–78 నాటి మహాక్షామము రాయలసీమ జిల్లాలను దారుణముగా దెబ్బతీసినపుడు, ఆపదను గ్రామమట్టమున ఎదుర్కొనదగిన ఎన్నికైన సంస్థ యేదియు నుండలేదు.

రిప్పన్ ప్రభువు 1882లో ప్రకటించిన స్థానిక స్వపరిపాలన తీర్మానమును అనుసరించి మద్రాసు రాజధానిలో 1884 నాటి స్థానిక బోర్డుల చట్టమును, తరువాత 1920 నాటి చట్టములును వచ్చి, జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు, పురపాలక సంఘములు రూపొందెను. ప్రొద్దుటూరు 1915లోనే పురపాలక సంఘమయ్యెను. ఆంధ్రప్రదేశమున పంచాయతీరాజ్ వ్యవస్థ 1959 నవంబరు 1న ప్రారంభమై, పంచాయతీ సమితులును జిల్లా పరిషత్తులును ఏర్పడెను. 1985లో తాలూకాలు, ఫిర్కాలు పోయి మండలములు వచ్చెను. రాజ్యాంగ 73, 74 సవరణలు 1993లో అమలులోనికి వచ్చిన మీదట, రాష్ట్రము 1994లో నూతన పంచాయతీరాజ్ చట్టమును చేసినది.

విధులు, నిధులు

రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు ఒప్పగింపదగిన 29 అంశములను, పండ్రెండవ షెడ్యూలులో పురపాలక సంఘములకు ఒప్పగింపదగిన 18 అంశములను పేర్కొన్నది. దారిద్ర్య నిర్మూలనము ఈ రెండు పట్టికలందును కలదు. ఐతే అంశమును కాగితముపై ఒప్పగించుట వేరు, ఆ అంశమునకు చెందిన ఉద్యోగులను, ధనమును, నిర్ణయాధికారమును ఒప్పగించుట వేరు. మొదటిది ఒక్క చట్టముతో జరిగినది. రెండవది మూడు దశాబ్దములు గడచినను సంపూర్ణముగా జరుగలేదు.

గ్రామ పంచాయతీకి స్వంత ఆదాయము ఇంటి పన్ను, కుళాయి పన్ను, సంతల వేలము, స్టాంపు సుంకముపై అదనపు రుసుము, చిన్న ఖనిజములపై వచ్చు సీనరేజి (త్రవ్వకపు రుసుము)లో వాటా మొదలైన వానివలన వచ్చును. ఈ పట్టికను చూచినంతనే అసమానతకు ఒక మూలము బోధపడును. సిమెంటు కర్మాగారము గాని, ఎర్రగుంట్ల ప్రాంతమువలె నాపరాతి గనులు, పాలిషు బండల యంత్రశాలలు గాని గల పంచాయతీకి ఆదాయమార్గములు పెక్కు గలవు. నల్లరేగడిలో శనగ పండించుకొను పంచాయతీకి ఇంటి పన్నే గతి. రైతు ఇంట పంట పోయిన ఏడాది ఆ పన్నును వసూలు కాదు. అనగా, ఏ గ్రామమునకు సాయము హెచ్చుగా కావలయునో ఆ గ్రామ పంచాయతీ బొక్కసమే ముందుగా ఖాళీయగుచున్నది.

ఈ లోటును పూడ్చుటకై కేంద్ర ఆర్థిక సంఘములు నిధులను కేటాయించుచున్నవి. పదునాలుగవ ఆర్థిక సంఘము గ్రామీణ నిధులను గ్రామ పంచాయతీలకే ఇచ్చెను. పదునైదవది మండల, జిల్లా పరిషత్తులకును భాగము కల్పించెను. కాని ఈ నిధులనుండియే విద్యుత్ బకాయిలను మినహాయించుటను గూర్చి 2021 తరువాత సర్పంచులు రాష్ట్రమంతట ఆందోళన చేసిరి. బోరు మోటారుకును వీధి దీపమునకును అయిన కరెంటు ఖర్చు పంచాయతీ చెల్లింపవలసినదే. ఐనను ఏ పనికి ఎంత ఖర్చు చేయవలెనో పాలకవర్గము తీర్మానింపకమునుపే సొమ్ము పైనుండి తీసివేయబడినచో, ఎన్నికైన సర్పంచికి మిగులునది గౌరవము మాత్రమే. 2019 అక్టోబరు 2న ఆరంభమైన గ్రామ, వార్డు సచివాలయములు ధ్రువపత్రములను, పింఛనులను, పథకములను ప్రజల చేరువకు తెచ్చినవి; ఐనను ఆ సిబ్బంది పైశాఖలకు జవాబుదారులగుటచే, ఒకే గ్రామమున ఎన్నికైన పంచాయతీయు, నియమితమైన సచివాలయమును రెండు అధికార కేంద్రములైనవను విమర్శ కలిగినది.

జలము: అసమానతకు ఆది

ఈ సీమలో సంపదకును దారిద్ర్యమునకును సరిహద్దు గీసినది నీరు. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున తుంగభద్రపై సుంకేసుల వద్దనుండి త్రవ్వించిన కర్నూలు–కడప కాలువను 1882లో ప్రభుత్వము కొనెను. రాజోలి, ఆదినిమ్మాయపల్లె ఆనకట్టల ద్వారా ఆ నీరందిన పొలములు స్థిరపడినవి; అందని పొలములు అప్పులలో కూరుకొనినవి. తరువాతి కాలమున పెన్నపై మైలవరము జలాశయము, పార్నపల్లె వద్ద 10 టి.ఎం.సి. సామర్థ్యము గల చిత్రావతి బాలెన్సింగ్ జలాశయము, 26.85 టి.ఎం.సి. సామర్థ్యము గల గండికోట జలాశయము నిర్మితములైనవి. శ్రీశైలమునుండి పోతిరెడ్డిపాడు, గోరకల్లు, అవుకుల మీదుగా కృష్ణాజలము గండికోటకు చేరి, అచ్చటినుండి ఎత్తిపోతల ద్వారా చిత్రావతి జలాశయమునకు ఎక్కుచున్నది.

ఇంత నీరు వచ్చిన పిదప ప్రశ్న మారును. జలాశయమునుండి ఏ గ్రామపు చెరువును ముందు నింపవలెను? చీనీ తోట కాపునకు వచ్చుటకు అయిదారేండ్లు పట్టును. నడి వేసవిలో బోరు ఎండినచో, సంపన్న రైతు ఇంకొక బోరు వేయించును, లేదా ట్యాంకరుతో నీరు తోలించి చెట్టును బ్రతికించుకొనును. చిన్న రైతు అయిదేండ్ల శ్రమను తన కన్నులయెదుట గొడ్డలికి అప్పగించును. ఊరి చెరువు నిండినచో భూగర్భజలము పైకి వచ్చి ఇరువురి బోర్లును బ్రతుకును. కనుక చెరువును నింపుటయు, దాని అలుగును, పంటకాలువను కాపాడుటయు సన్నకారు రైతునకు బీమా వంటివి. ఈ నిర్ణయమున పాలుపంచుకొనుటకు 1997 నాటి చట్టముచే నీటి వినియోగదారుల సంఘములు ఏర్పడెను. బోర్లను నియంత్రించుటకు 2002లో వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టము వచ్చెను. కాని సంఘములకు ఎన్నికలు క్రమముగా జరుగకుండుటయు, వాల్టా నిబంధనలు పాటింపబడకుండుటయు ఈ రెంటిని బలహీనపరచినవి.

జలాశయమునకు మూల్యము చెల్లించినవారిని గూర్చియు చెప్పవలెను. గండికోట జలాశయమున నీటిమట్టము పెరిగినపుడు కొండాపురము మండలములోని తాళ్ళప్రొద్దుటూరు మున్నగు గ్రామములు మునిగి, అచ్చటివారు పునరావాస కాలనీలకు తరలవలసివచ్చెను. ఇండ్లకు పరిహారము లెక్కించుటకు అధికారులు కలరు. కాని క్రొత్త కాలనీలో మురుగుకాలువ, శ్మశానము, పశువుల మేతపోరంబోకు, పని దొరకు చోటు, ఇవన్నియు కూడి ఊరుగా మారుట పంచాయతీ సామర్థ్యముపై ఆధారపడిన విషయము. వేలాది ఎకరములకు నీరిచ్చిన వారికి తిరిగి ఊరును కల్పించుట ఉపకారము కాదు, ఋణవిముక్తి.

ప్రొద్దుటూరు

బంగారు, పత్తి వ్యాపారములచే రెండవ బొంబాయిగా పేరు పొందిన ప్రొద్దుటూరు జిల్లాలో కడప తరువాత పెద్ద పట్టణము. 2011 జనాభా లెక్కలనాటికి పురపాలక పరిధిలోనే లక్షన్నరకు పైగా జనులు కలరు. ఇక్కడి దారిద్ర్యము సంపద లేమివలన కలిగినది కాదు, సంపద ప్రక్కననే నిలిచియున్నది. అంగళ్ళ వీధులలో బంగారు దుకాణములు వరుస తీరియుండగా, నేతవాడలలో గుంత మగ్గమే జీవనాధారముగా గల కుటుంబములు ఒకే గదిలో వంట, నిద్ర, పని సాగించుచున్నవి.

నేతగాని జీవనమున పురపాలక సంఘము పాత్ర ఎంతటిదో గుంత మగ్గమును చూచినచో తెలియును. నేలలో త్రవ్విన గుంటలో కాళ్ళు వ్రేలాడదీసికొని నేతగాడు కూర్చుండును. పడుగు నేలకు జానెడెత్తున సాగియుండును. వీధి మురుగుకాలువ పూడిపోయినచో ఒక్క పెద్దవానకు నీరు గడప దాటి గుంటలో నిండును. పడుగు తడియును, గుంట ఆరుదాక పని యుండదు, మాస్టరు వీవరు వద్ద తీసికొన్న బయానా మాత్రము తరుగదు. కాలువ పూడిక తీయుట పురపాలక లెక్కలలో చిన్న ఖర్చు. ఆ ఇంట అది కొన్ని వారముల కూలి. పడుగును సాపు చేయుటకు సైతము వీధియే చోటు గనుక, వీధి బాగుండుట నేతగానికి సౌకర్యము కాదు, పనిముట్టు. దారిద్ర్య నిర్మూలనమనగానే ఋణమును, పింఛనును తలచువారు ఈ సూక్ష్మమును విస్మరింపరాదు.

వేసవిలో ప్రొద్దుటూరు త్రాగునీటికి పెన్న ఇసుకలోని ఊటయు, మైలవరమునుండి విడుచు నీరును ఆధారములు. కుళాయి కనెక్షను గల ఇంటికిని, ట్యాంకరు కొరకు బిందెలు వరుస పెట్టు ఇంటికిని గల భేదము, స్త్రీల పని గంటలలో ప్రత్యక్షమగును. ఆస్తి మూలవిలువపై పన్ను నిర్ణయించు పద్ధతికి మార్గమేర్పరచుచు 2020లో పురపాలక చట్టము సవరింపబడినది. ఆ పద్ధతి పెద్ద వాణిజ్య భవనములనుండి న్యాయమైన పన్ను రాబట్టి, నేతవాడల కాలువలకు ఖర్చు చేయుటకు సాధనమైనపుడే సార్థకమగును.

జమ్మలమడుగు

పెన్న ఒడ్డున, గండికోటకు చేరువన నున్న జమ్మలమడుగు చుట్టుప్రక్కల సున్నపురాయి నిక్షేపములు, సిమెంటు కర్మాగారములు, సమీపమున రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రము కలవు. పట్టణమున లండను మిషను వారి కృషితో వెలసిన క్యాంబెల్ ఆసుపత్రి, ప్రభుత్వ వైద్యము దొరకని కాలమున చుట్టుప్రక్కల తాలూకాలకు ఆదరువుగా నుండెను. ప్రక్కననే మోరగుడి నేతకు పేరొందిన గ్రామము.

ఈ ప్రాంతపు ఆశలు చిరకాలము ఉక్కు కర్మాగారము చుట్టు పరిభ్రమించినవి. 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టము కడప జిల్లాలో ఉక్కు కర్మాగార సాధ్యతను పరిశీలింపవలెనని పేర్కొన్నది. మైలవరము మండలములోని కంబాలదిన్నె వద్ద 2018 డిసెంబరులోను, జమ్మలమడుగు మండలములోని సున్నపురాళ్ళపల్లె వద్ద 2019 డిసెంబరులోను ముఖ్యమంత్రులు శంకుస్థాపనలు చేసిరి. శిలాఫలకములు నిలిచిన చోట ఉపాధి నిలువకపోవుట యువజనులను వలసకు పురికొల్పినది. పంచాయతీలకు పరిశ్రమను తెచ్చు శక్తి లేదు. కాని వచ్చిన పరిశ్రమలనుండి ఇంటి పన్నును పూర్తిగా వసూలు చేయుట, ధూళికిని నీటి కాలుష్యమునకును జవాబడుగుట, గనుల చట్టమునకు 2015లో చేసిన సవరణచే ఏర్పడిన జిల్లా ఖనిజ నిధిని గనుల వలన నష్టపడిన గ్రామములకే వెచ్చింపజేయుట వాని చేతిలోని పనులు. ఇవి జరుగని చోట గని పంచాయతీది, లాభము పట్టణముది, దగ్గు కూలివానిది అగుచున్నది.

పులివెందుల

ఇద్దరు ముఖ్యమంత్రులను రాష్ట్రమునకిచ్చిన పులివెందుల నియోజకవర్గము ప్రాంతీయ అసమానతల అధ్యయనమున విలక్షణ స్థానము గలది. 2004 తరువాత దీని కొరకు ప్రత్యేకముగా ప్రాంతాభివృద్ధి సంస్థ ఏర్పడి, వెడల్పైన రహదారులు, 2006లో సాంకేతిక విశ్వవిద్యాలయ ఇంజనీరింగు కళాశాల, పశు పరిశోధన కేంద్రము, సమీపమందలి ఇడుపులపాయలో 2008లో ట్రిపుల్ ఐటి మొదలైనవి వచ్చెను. 2022లో పట్టణము రెవెన్యూ డివిజను కేంద్రమయ్యెను. వెనుకబడిన మారుమూల ప్రాంతమును ప్రభుత్వ సంకల్పము ఎంత త్వరితముగా మార్చగలదో ఇది ఋజువు చేసినది. అదే సమయమున, ఆ సంకల్పము ఎన్నికైన జిల్లా ప్రణాళికా సంఘము ద్వారా గాక, నాయకత్వ ప్రాబల్యము ద్వారా ప్రవహించినచో, నాయకుడు లేని మండలములు వెనుకనే యుండిపోవునను సత్యమును కూడ ఇది తెలుపుచున్నది. పులివెందులకు వచ్చినది అన్యాయము కాదు. ఇతర తాలూకాలకు రాకపోవుటయే అన్యాయము.

వేముల మండలములోని తుమ్మలపల్లె వద్ద 2007లో శంకుస్థాపన జరిగిన యురేనియము గని వేరొక సమస్యను ముందుంచినది. అణుఖనిజము కేంద్ర ప్రభుత్వ విషయము. వ్యర్థజలాశయమునకు చేరువనున్న మబ్బుచింతలపల్లె, కె.కె. కొట్టాల వంటి గ్రామములవారు బావుల నీరు చెడి అరటి తోటలు దెబ్బతినుచున్నవని ఫిర్యాదు చేయగా, పంచాయతీ తీర్మానము చేయుట తప్ప ఆజ్ఞాపింపజాలకపోయినది. నీటి పరీక్షా ఫలితములను గ్రామసభలో తెలుగున చదివి వినిపించు హక్కైనను పంచాయతీకి దృఢముగా నుండవలెను. తాను త్రాగు నీటి గుణమును తెలిసికొనుట పౌరుని కనీస హక్కు.

పేదరిక నిర్మూలన పథకములు

జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లెలో ఆరంభమైనపుడు, తొలి విడత 200 జిల్లాలలో కడపయు నుండెను. అదే కాలమున వెనుకబడిన ప్రాంతముల సహాయ నిధిలోను జిల్లా చేరెను. రాష్ట్ర విభజనానంతరము వెనుకబడిన ఏడు జిల్లాలకు ఒక్కొక్కదానికి ఏటా 50 కోట్ల రూపాయల చొప్పున కేంద్రము మూడేండ్లు ఇచ్చిన సాయమున కడపకును వాటా దక్కెను. ఉపాధి హామీలో ఏ పనులు చేపట్టవలెనో గ్రామసభ నిర్ణయించుటయు, ఆంధ్రప్రదేశమున వ్యవస్థీకృతమైన సామాజిక తనిఖీలో మస్టరు రోలును బహిరంగముగా చదువుటయు, స్థానిక పరిపాలనలో సామాన్యునికి దక్కిన గొప్ప అస్త్రములు. తన పేర దొంగ సంతకముతో కూలి డ్రా అయినదని ఒక కూలిస్త్రీ సభలో లేచి నిలిచి చెప్పగలిగిన నాడు, ఆమెకు అంది వచ్చినది కూలి సొమ్ము మాత్రమే కాదు. డ్వాక్రా పొదుపు సంఘములు ఈ ధైర్యమునకు పునాది వేసినవి.

నీతి ఆయోగ్ 2023 నివేదిక ప్రకారము ఆంధ్రప్రదేశమున బహుముఖ దారిద్ర్యము 2015–16లో 11.77 శాతమునుండి 2019–21 నాటికి 6.06 శాతమునకు తగ్గినది. ఇది సంతోషింపదగినదే. కాని రాష్ట్ర సగటు మండలపు వెలితిని దాచును. మండల సగటు వాడల వెలితిని దాచును. వాడవాడకు లెక్క తీయగలిగినది స్థానిక సంస్థ ఒక్కటే.

అధికారము, పోటీ, ప్రాతినిధ్యము

ఈ సీమలో ముఠాకక్షల చరిత్ర స్థానిక సంస్థలను గాఢముగా ప్రభావితము చేసినది. రోడ్డు పని, చెరువు మరమ్మతు, గని లీజు, సంత వేలము, ఇవన్నియు ఊరి పెద్దరికమునకు ఆర్థిక పునాదులైనపుడు, పంచాయతీ సేవాసంస్థగా గాక కంట్రాక్టుల ద్వారముగా మారును. పెక్కు గ్రామములలో ఎన్నికలు ఏకగ్రీవములగుట ఆనవాయితీ. ఊరందరు కూడి సమ్మతించిన ఏకగ్రీవము శాంతికి చిహ్నము. నామినేషను వేయుటకే భయపడిన ఏకగ్రీవము పేదవాని నోటికి తాళము. 2025 ఆగస్టు 12న పులివెందుల జడ్పీటీసీ (జిల్లా పరిషత్తు ప్రాదేశిక సభ్య) స్థానమునకు జరిగిన ఉపఎన్నిక రాష్ట్రమంతటి దృష్టిని ఆకర్షించుట, ఇట్టి పోటీకి ఇక్కడ నున్న ప్రాధాన్యమును చాటినది.

షెడ్యూల్డు కులములకు, వెనుకబడిన తరగతులకు రిజర్వేషనులును, 1994 చట్టమున మూడవ వంతు నుండి 2011లో సగమునకు పెంచిన స్త్రీల రిజర్వేషనును పాలకవర్గముల రూపమును మార్చినవి. కుర్చీ స్త్రీది, సంతకము ఆమెది, నిర్ణయము భర్తది లేక దొరది అయిన సందర్భములు లేకపోలేదు. ఐనను రెండవసారి ఎన్నికైన స్త్రీ తొలిసారికంటె భిన్నముగా మాటలాడును. రిజర్వేషను ఫలము ఒక పదవీకాలముతో కొలువదగినది కాదు.

మూల్యాంకనము

పై పరిశీలననుండి తేలు విషయములు స్పష్టములు. రాయలసీమ దారిద్ర్యమును స్థానిక సంస్థలు ఒంటరిగా తొలగింపజాలవు. జలాశయము, రైలు, విశ్వవిద్యాలయము, పరిశ్రమ పై ప్రభుత్వములు ఇవ్వవలసినవే. కాని ఇచ్చినదానిని సమముగా పంచగల శక్తి స్థానిక సంస్థకు లేనిచో, ప్రాంతీయ అసమానత తగ్గుచుండగనే గ్రామాంతర్గత అసమానత పెరుగుచుండును. దీనికి ప్రతిక్రియలు నాలుగు: పంచాయతీ నిధులను దాని తీర్మానము లేక మళ్ళింపరాదు, సచివాలయ సిబ్బంది ఎన్నికైన పాలకవర్గమునకు జవాబుదారులు కావలెను, స్వంత ఆదాయము లేని పంచాయతీలకు, జనసంఖ్యతోపాటు వెనుకబాటును కూడ లెక్కించి, అధిక సహాయము చేయవలెను, ఎన్నికలును గ్రామసభలును గడువు తప్పక, నిర్భయముగా జరుగవలెను. ఇవి క్రొత్త సిద్ధాంతములు కావు. చట్టమున నున్న వాగ్దానములే. వానిని నెరవేర్చుట, ప్రొద్దుటూరు నేతగానికిని, జమ్మలమడుగు గని కూలికిని, పులివెందుల సన్నకారు రైతునకును ప్రజాస్వామ్యము చెల్లింపవలసిన బాకీ.